ఎండకు రీటేక్ లేదు

ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో, బెంగళూరులో మధ్యాహ్నం పన్నెండుంబావు దాటాక నిటారుగా కర్ర నిలబెడితే నీడ పడదు. పిల్లలకు అది వింత. ఔట్‌డోర్ షూటింగ్ పెట్టుకున్న సినిమా విద్యార్థికి గండం. నడినెత్తి ఎండకు నటి కళ్లు గుంటలు పడ్డట్టు నల్లబడతాయి, ముక్కు కింద నీడ మీసంలా వాలుతుంది. అందుకే ఇక్కడ షెడ్యూలు వేసేవాళ్లు హీరో కంటే ముందు సూర్యుడి డేట్లు చూసుకోవాలి.

ఎండను లొంగదీసుకోవడంలో ఈ ఊరికి పాత పేరే ఉంది. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి 1946లో ఇక్కడి శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో ఛాయాగ్రహణం డిప్లొమా తీసుకున్నారు. ‘కాగజ్ కే ఫూల్’ సినిమా (1959)లో స్టూడియో చీకట్లోకి దిగే వెలుగు స్తంభం ఆయన పనే. బయటి ఎండను పెద్ద అద్దాలతో మళ్లించి లోపలికి దింపారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న గోవింద్ నిహలానీ కూడా 1962లో అదే పాలిటెక్నిక్‌లో చదువు ముగించినవారే. నేటి విద్యార్థి పట్టుకునే తెల్ల థర్మాకోల్ షీటు ఆ అద్దాలకు పేదింటి చుట్టం.

పని రెక్కీతో, అంటే షూటింగ్ చోటును ముందే చూసి రావడంతో, మొదలవుతుంది. ఏ వేళకు షూటింగో ఆ వేళకే వెళ్లాలి. నాలుగు నిమిషాలకో డిగ్రీ చొప్పున సూర్యుడు జరిగిపోతుంటాడు. పొద్దున చూసిన చెట్టునీడ సాయంత్రానికి అక్కడ ఉండదు. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని వినాలి: మోటారు పంపు, గుడి మైకు, విమానం. బాత్రూమ్ ఎక్కడ, ఆడపిల్లలు బట్టలు మార్చుకునేది ఎక్కడ, వ్యాను తిరిగే చోటుందా అన్నవి కూడా అప్పుడే రాసుకోవాలి.

తర్వాత షాట్ల వరస. హెసరఘట్ట వైపు ఓ చెరువుగట్టు మీద అన్నాచెల్లెళ్ల సీను అనుకుందాం. కథలో ముందొచ్చే షాటు ముందు తీయాలని లేదు. వైడ్ షాట్లు పొద్దున ఎనిమిదిన్నరలోపు, దూరంగా నడిచిపోయే షాటు సాయంత్రం. మిట్టమధ్యాహ్నం తెల్లగుడ్డ కట్టి దాని కింద క్లోజప్‌లు. చెరువంతటికీ పందిరి వేయలేం, ముఖానికి వేయగలం.

ఇక లెక్క. ఆరున్నర నుంచి ఐదున్నర దాకా 11 గంటలు. టిఫిను, భోజనం, సామాను సర్దడానికి 3 గంటలు తీసేస్తే మిగిలేవి 480 నిమిషాలు. షాటుకు 25 నిమిషాలు వేసుకుంటే 19 షాట్లు. కాగితం మీద 35 ఉంటే, మిగతా 16 ఇంట్లో కూర్చుని కొట్టేయడం మేలు. గట్టు మీదైతే వాటిని చీకటి కొట్టేస్తుంది, అదీ మనకు కావలసినవి చూసి మరీ.

తర్వాత అనుమతులు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఉద్యానశాఖవి. అక్కడ తీయనిస్తారో లేదో ఆ శాఖనే ముందుగా అడగాలి. యలహంకలో వైమానిక స్థావరం ఉంది కాబట్టి ఆ వైపు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. పల్లెలో అయితే కెమెరా దించే ముందు పెద్దమనిషిని ‘ఊట ఆయ్తా?’ అని పలకరించండి. అన్నం తిన్నారా అని కన్నడంలో అడిగినవాణ్ని గట్టు దిగమనడం కష్టం. ఏప్రిల్, మే సాయంత్రాల్లో వాన హఠాత్తుగా విరుచుకుపడుతుంది. దగ్గర్లో ఒక గది, అందులో తీయగల ఒక సీను సిద్ధంగా ఉండాలి. అద్దె లెన్సు ఒకటి తగ్గినా ఫర్వాలేదు, భోజనం ఆలస్యం కాకూడదు. జీతం లేకుండా వచ్చినవాళ్లకు మనమిచ్చే బత్తా ఆ అన్నమే.

పెద్ద సెట్‌లో ‘రేపు చూద్దాం’ అనే మాట ఉంటుంది. విద్యార్థికి ఉన్నది ఆ ఒక్క ఆదివారం. కాగితం మీద అంత కసరత్తు అందుకే. నటి కంట నీరు తిరిగిన క్షణంలో దర్శకుడి బుర్ర ప్లగ్ పాయింటు చుట్టూ తిరగకూడదు.

గుమ్మడికాయ కొట్టే ముందు రెండు పనులున్నాయి. ఫుటేజీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కాలి. తర్వాత అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతే, ఆ చోటి నిశ్శబ్దాన్ని నిమిషంపాటు రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు దానితోనే కనబడకుండా పోతాయి. నలభయ్యో సెకనులో ఎవరో తుమ్ముతారు. పర్లేదు, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. పొద్దు వాలిపోయినా నిశ్శబ్దానికి రీటేక్ ఉంది.