ఇచ్చట పంచర్లు వేయబడును

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన నిలబెట్టిన పాత లారీ టైర్లు కనిపిస్తుంటాయి. నల్లటి రబ్బరు మీద తెల్ల పెయింటుతో, టైరు వంపు వెంట ‘పంచర్’ అని రాసి ఉంటుంది. అక్కడ చెక్క లేదు, రేకు లేదు, ఫ్లెక్సీ లేదు. అయినా దారి చెప్పేవాళ్లు మాత్రం, “పంచర్ బోర్డు కాడ లెఫ్ట్ కొట్టన్నా” అంటారు. టైరు కూడా బోర్డే.

ఇంగ్లిషులో బోర్డు అంటే మొదట చెక్క పలక. తెలుగులోకి వచ్చాక ఆ మాట చెక్కను వదిలేసి రాతను పట్టుకుంది. పత్రికలు ‘నామఫలకం’ అని రాస్తాయి గానీ వీధిలో ఎవరి నోటా ఆ మాట రాదు. ఇక ఇంగ్లిషువాడి ‘సైన్’ మన దగ్గరికొచ్చి సంతకమైంది. సైన్ కావాలంటే పెన్ను తీస్తాం. బస్సెక్కాలంటే బోర్డు చూస్తాం. రైల్లోనూ అంతే. మేడ్చల్ స్టేషన్ దాకా 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. అందులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఊరొచ్చిందా అని వెతికేది పసుపు మీద నల్లక్షరాల బోర్డు కోసమే.

బోర్డు మీది తెలుగుకు వ్యాకరణం వేరు. ఇంట్లో ఎవరూ ‘ఇచ్చట’ అనరు, ‘బడును’ అనరు. కుంచె పట్టగానే అందరూ గ్రాంథికవాదులే: ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’, ‘వాహనములు నిలపరాదు’, ‘కుక్క ఉన్నది జాగ్రత్త’. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1940లో కన్నుమూశారు. ఆ వాడుక భాష పత్రికలకెక్కింది, పాఠ్యపుస్తకాలకెక్కింది, పంచర్ షాపు దాకా మాత్రం రాలేదు. ‘ఇచ్చట పంచర్లు వేయబడును’ అని చదివితే లోపల మేకు పట్టుకుని కూర్చున్నారేమో అనిపించాలి. ఎవరికీ అనిపించదు. మన దగ్గర పంచర్ వేయడమంటే అతుకు వేయడమే.

మేడ్చల్ చుట్టుపక్కల ఏమీ అమ్మని బోర్డులు కూడా ఉంటాయి. ఖాళీ ప్లాటు మూలన రెండు ఇనుప కాళ్ల మీద రేకు, బోల్టుల చుట్టూ తుప్పు చార. ‘ఈ స్థలం అమ్మకానికి లేదు’ అని ఎర్రక్షరాలు, కింద సర్వే నంబరు, ఫోన్ నంబరు. అడిగినవాళ్లెవరూ లేరు, అయినా జవాబు సిద్ధం. భూమి ధర పెరిగిన చోట, తనది తనదేనని యజమాని రేకు మీద రాసి పాతుకోవాల్సి వస్తోంది.

వీటన్నిటికంటే ఎక్కువగా తెలుగువాళ్లు సొంతంగా తయారుచేసుకున్న వాడుక ‘బోర్డు తిప్పేయడం’. అప్పుల్లో మునిగినవాణ్ణి వెనకటికి ‘ఐపీ పెట్టాడు’ అనేవాళ్లు. అందులో కోర్టుకెళ్లి తీర్చలేనని ఒప్పుకోవడమైనా ఉంది. బోర్డు తిప్పేసినవాడు కోర్టుకూ వెళ్లడు, ఇంట్లోనూ దొరకడు. చీటీ డబ్బులు కట్టినవాళ్లు పొద్దున్నే వచ్చి షట్టర్ ముందు నిలబడతారు. తలెత్తి చూస్తే కంపెనీ బోర్డు లైటు కూడా ఆర్పకుండా, వాళ్ల వైపే తిరిగి ఉంటుంది.