ముందు బ్రేకు, తర్వాతే వేగం

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ రేసు కార్లు పరుగెత్తాయి. 2.83 కిలోమీటర్ల ఆ ట్రాక్ మామూలు రోజుల్లో బస్సులు, ఆటోలు తిరిగే రోడ్డే. ఫార్ములా ఈకి అది పూర్తిగా కొత్త ట్రాక్. అలాంటి వాటిని జట్లు ముందుగా సిమ్యులేటర్‌లో నడిపి చూసుకుంటాయి. ఆ రోజు ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది, హైదరాబాద్ ముచ్చట అక్కడితో ఆగింది. సిమ్యులేటర్ మాత్రం, ఇంట్లో వాడుకునే రూపంలో, కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఒక మామూలు కంప్యూటర్ ఉన్న ఇంటికి వచ్చేస్తుంది. ఈ వ్యాసం దాన్ని మొదలుపెట్టాలనుకునే పిల్లల కోసం, 'వీడు ఆటలాడి చెడిపోతున్నాడు' అనుకునే ఇంట్లోవాళ్ల కోసం కూడా.

ఫోన్లో ఆడే కారు ఆటల్లో గోడకు గుద్దినా బండి మళ్లీ ఉరుకుతుంది. ఇటలీ వాళ్లు 2014లో తెచ్చిన 'అసెట్టో కోర్సా' సిమ్యులేటర్‌లో అది కుదరదు. టైరు వేడి, గాలి ఒత్తిడి, బరువు ఏ చక్రం మీద పడుతోంది అన్నదంతా సెకనుకు వందలసార్లు లెక్క కడుతుంది. చాలా ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి తయారుచేశారు కాబట్టి అసలు ట్రాక్ మీది ఎగుడుదిగుడు స్టీరింగ్ లోపలి మోటారు గుండా మన చేతికి తగులుతుంది. ముందు చక్రాలు పట్టు వదిలేస్తుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది. కంటికంటే ముందు చేతికి తెలియాలి. సాధన అంతా దానికోసమే.

కొత్తవాళ్లందరూ రేజ్ (యాక్సిలరేటర్) మీద పడతారు. కానీ టైం దొరికేది బ్రేకులో. టైరు పట్టు నెల జీతం లాంటిది: బ్రేకుకు మొత్తం ఖర్చు పెట్టేస్తే మలుపుకు మిగలదు. అందుకే తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు తొక్కాలి, స్టీరింగ్ తిప్పే కొద్దీ కాలు మెల్లగా వదలాలి. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. బ్రేకు తొక్కితే బరువు ముందుకొస్తుంది, ముందు టైర్లు రోడ్డును పట్టుకుంటాయి, బండి మలుపులోకి తిరుగుతుంది. ఒక్కసారిగా వదిలేస్తే ముందు భాగం తేలికై బండి బయటికి పోతుంది. మలుపు మధ్యలో భయపడి రేజ్ ఠక్కున వదిలినా చిక్కే. వెనక చక్రాల మీద బరువు తగ్గి బండి గిర్రున తిరిగిపోతుంది. బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి పోవడం అన్న గీత అందరికీ తొందరగానే వస్తుంది. కాలు వదలడం రావడానికి నెలలు పడుతుంది.

అందుకే ఒక్క కారు, ఒక్క ట్రాక్. నన్నడిగితే మాజ్డా ఎంఎక్స్-5 కప్ కారు, ఇటలీలోని మజియోనె ట్రాక్. ఆ కారుకు బలం తక్కువ, తప్పు చేస్తే తన్నదు కానీ చెబుతుంది. ట్రాక్ పొడవు రెండున్నర కిలోమీటర్లే, అదే మలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. తెర మీద దారి చూపించే రంగు గీతను వారం తర్వాత తీసేయండి. అది ఉన్నంతకాలం చూపు గీత మీదే ఉంటుంది, మలుపు మీదికి పోదు. బెస్ట్ ల్యాప్ కోసం ఎగబడకుండా, పది ల్యాపులూ ఒక సెకను తేడాలో వస్తున్నాయా అని చూసుకోండి.

సామాన్ల విషయానికొస్తే, లాజిటెక్ జీ29 లాంటి స్టీరింగ్ చాలు. మోటారును నేరుగా ఇరుసుకే బిగించిన డైరెక్ట్ డ్రైవ్ రకాలు బాగుంటాయి, కానీ డబ్బు మిగిలితే ముందు మంచి బ్రేకు పెడల్ మీద పెట్టాలి. లోడ్ సెల్ పెడల్ కాలు ఎంత దూరం కదిలిందని చూడదు, ఎంత బలంగా నొక్కిందని చూస్తుంది. కాలు గుర్తుపెట్టుకునేది బలాన్నే. ఇంకో చిక్కు గదిలో ఉంటుంది. షాబాద్ బండల మీద పెడల్స్ జారిపోతాయి, చక్రాల కుర్చీ అయితే బ్రేకు తొక్కగానే మనిషే వెనక్కి పోతాడు. పెడల్స్ వెనక చెక్కపేడు అడ్డం పెట్టి గోడకు ఆనించండి. కుర్చీ మామూలు ప్లాస్టిక్‌ది వేసుకోండి. మానిటర్‌ను స్టీరింగ్ వెనక వీలైనంత దగ్గరికి జరపండి.

నలుగురితో పోటీ తర్వాతి మాట. 2008లో మొదలైన ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో చందా కట్టాలి. అక్కడ ఎవర్ని గుద్దినా, రోడ్డు దిగినా భద్రత రేటింగ్ పడిపోతుంది. మంచి పద్ధతి.

ఆట నుంచి అసలు ట్రాకుకు పోయినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో గ్రాన్ టూరిస్మో అనే కారు ఆట పోటీ గెలిచి, 2013లో లె మాన్స్ రేసులో తన విభాగంలో మూడో స్థానంలో నిలిచాడు. 2015లో నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద అతని కారు గాల్లోకి లేచి పడి ప్రేక్షకుడొకరు చనిపోయారు. తెర మీద రీసెట్ బటన్ ఉంటుంది, అక్కడ లేదు. ఎల్లారెడ్డి వైపు రోడ్ల మీద కోతలప్పుడు వడ్లు ఆరబోసి ఉంటాయి, బర్లు అడ్డం వస్తాయి. రేసు సిమ్యులేటర్‌లో అవి ఉండవు. అందుకని తెర మీద నేర్చింది 44వ నంబరు హైవే మీద చూపిస్తానంటే ఊరుకోవద్దు. వేగం ముచ్చట గదిలోనే తీర్చుకోవడం దీని అసలు లాభమని నా లెక్క.

స్టీరింగ్ కొనేముందు ఒక పని చేయండి. అసెట్టో కోర్సాను సేల్‌లో తీసుకుని, చేతిలో ఉన్న గేమ్ కంట్రోలర్‌తోనే రెండు వారాలు నడపండి. బండి ఒక్కసారీ గిర్రున తిరగకుండా పది ల్యాపులు వస్తే, అప్పుడు ఇంట్లో నాన్నను అడగండి.