ఉల్లిపాయతో ఫ్రెంచి

మా ఎదురింటి అత్తయ్యగారికి అరవై ఏళ్లు. కూతురి పురిటికి ఫ్రాన్సులోని లియోఁ నగరం వెళ్లాలి. "వ్యాకరణం నావల్ల కాదమ్మాయ్, అంగట్లో నాలుగు మాటలొస్తే చాలు" అన్నారు. నేను పుస్తకం తియ్యలేదు. కూరగాయల బుట్ట తెమ్మన్నాను.

వస్తువు చేతికిచ్చి మాట నేర్పే ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో భాషల బడి పెట్టిన మాక్సిమిలియన్ బెర్లిట్జ్, ఫ్రెంచి చెప్పడానికి నికొలా జొలీని పిలిపించుకున్నాడు. తీరా వచ్చాక చూస్తే జొలీకి ఇంగ్లీషే రాదు. బెర్లిట్జ్‌కి అప్పుడే జబ్బు చేసింది. వస్తువులు చూపిస్తూ, అభినయిస్తూ చెప్పమని తరగతి అప్పగించక తప్పలేదు. ఆరు వారాలకు తిరిగొచ్చేసరికి విద్యార్థులు ఫ్రెంచిలోనే ప్రశ్నలూ జవాబులూ నడుపుతున్నారు.

ఫ్రాన్స్వా గువేఁ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడిది ఇంకో అనుభవం. జర్మన్ కోసం హాంబర్గ్ వెళ్లి వ్యాకరణమూ నిఘంటువూ బట్టీపట్టాడు. వీధిలోకొస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికొచ్చి చూస్తే, మూడేళ్ల పిల్లవాడు పిండిమర చూసొచ్చి అక్కడ జరిగిందంతా వరసగా చెబుతున్నాడు. కిటుకు ఆ వరసలో ఉందని గ్రహించి 1880లో పుస్తకం రాశాడు. తలుపు దగ్గరికి వెళ్తున్నాను, తలుపు తీస్తున్నాను అని, చేస్తూనే చెప్పాలన్నమాట.

మా బుట్ట దగ్గరికొద్దాం. రెండు టమాటాలు చేతిలో పెట్టి "దు తొమాత్" అన్నాను. రెండు ఉల్లిపాయలు పెట్టి "దుజోన్యోఁ" అన్నాను. నాలుగుసార్లు అనిపించాక ఆవిడే అడిగారు: "అమ్మాయ్, ఉల్లిపాయకి తగులుకున్న ఆ 'జ' టమాటాకి తగల్లేదేం?" నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడ, ఉన్నావు అని విడదీసి అంటామా అత్తయ్యా? ఎక్కడున్నావ్ అంటాం. వాళ్లకీ అంతే, తరవాతి మాట అచ్చుతో మొదలైతే కలిపేస్తారు" అన్నాను. సంధి పాఠం అక్కడితో అయిపోయింది.

జొలీ పద్ధతిలో నేను ఒప్పుకోనిది ఒక్కటే, మాతృభాషను పూర్తిగా బయట నిలబెట్టడం. తెలుగువాళ్లకి ఫ్రెంచి ఇంగ్లీషు మీదుగా చెప్పడం చుట్టుదారి, తెలుగే దగ్గర దారి. "నాకు నచ్చింది" అని మనం అన్నట్టే వాళ్లూ "స మ ప్లే" అంటారు. నువ్వు, మీరు తేడా వాళ్లకీ ఉంది. ముక్కుతో పలికే అచ్చులకు, వాడుకలో మనం "మావఁయ్య" అనేటప్పటి ధ్వని గుర్తుచేస్తే చాలు. నువ్వు అనడానికి వాళ్లు వాడే "త్యు"లోని అచ్చు మాత్రం మనకు లేదు. నోట్లో "ఈ" అంటూ పెదాలు "ఊ"కి చుట్టమనాలి.

నిజంగా ఇబ్బంది పెట్టేది లింగం. టమాటా స్త్రీలింగం, ఉల్లిపాయ పుంలింగం. దీనికి తర్కం వెతికి లాభం లేదు. మాటను ఎప్పుడూ దాని ముందుండే పుంలింగపు "అఁ"తోనో స్త్రీలింగపు "యూన్"తోనో కలిపే ఇవ్వాలి. ఆవిడ "అఁ తొమాత్" అంటే తప్పని ఆపను. "వీ, యూన్ తొమాత్" అంటూ టమాటా అందిస్తాను. రెండోసారి ఆవిడే సరిచేసుకుంటారు. తప్పు పట్టిన చోట పెద్దవాళ్ల నోరు మూతపడుతుంది.

రాత మొదట్లో వద్దు. "చాలా" అని చెప్పే "బోకు" అనే చిన్న మాటకు ఎనిమిది అక్షరాలు రాస్తారు. చూసి చదివితే చివరి "ప్" కూడా పలికేస్తాం. చెవికి అలవాటయ్యాకే పుస్తకం తెరవాలి.

మీ ఇంట్లో ఫ్రెంచి నేర్చుకోవాలనుకునేవారు ఉంటే మొదటి నెల నోటుబుక్కు కొనకండి. రోజూ అరగంట వంటింట్లో కూర్చోబెట్టండి.