కోఠీ రెసిడెన్సీ: మొగసాలయు అంతఃపురమును

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనమును గూర్చి వ్రాయువారు దాని స్తంభములనే పొగడుదురు. అవి పొగడదగినవే. కాని యొక సౌధము గుణదోషములను నిర్ణయింపబూనినప్పుడు, అది యెవరి కన్నులకై కట్టబడినదో, ఎవరిని లోనికి రానిచ్చినదో కూడ విచారింపవలెను.

మా గుంటూరు సర్కారు 1788లో నిజాము చేతినుండి కుంపిణీ వశమయ్యెను. పదునైదేండ్లకు, 1803లో, కుంపిణీ ప్రతినిధియగు కిర్క్‌పాట్రిక్ నిజాము సొమ్ముతోనే మూసీ యొడ్డున నీ మేడకు బునాది వేయించెను. దానికి రూపకల్పన చేసినవాడు సామ్యూలు రస్సెల్ అను సేనా ఇంజనీరు. పదునాఱవ శతాబ్దపు ఇటలీ శిల్పి పల్లాడియో మార్గమును ఇంగ్లాండు ప్రభువులు తమ పల్లెపట్టుల మేడలకు గైకొనిరి. ఆ మేడయే యిచట దక్కను నేలపై నిలిచినది. ఎత్తైన మెట్లవరుస, ఇరుప్రక్కల సింహములు, కొరింథియను స్తంభములు, వానిపై త్రికోణ శిఖరము: అన్నిటి పొందికయు నిర్దుష్టము. అయినను, మెట్టుమెట్టునకు వచ్చువాడు చిన్నవాడగుటయే యా పొందిక యుద్దేశము. మన మండువా లోగిలి యరుగు బాటసారిని గూర్చుండుమనును. ఈ మొగసాల నిలువుమనును.

ఇంటివెనుక మఱియొక కథ కలదు. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభుకుటుంబపు కన్య ఖైరున్నీసాను పెండ్లాడి, ఆమెకై మొగలాయి రీతిని రంగమహలు కట్టించెను. గోషా వలన నామె ముందువైపునకు వచ్చి మేడను జూడజాలదని, దాని చిన్న ప్రతిమను తోటలో నిర్మింపించెనని చెప్పుదురు. అతడు 1805లో కలకత్తాలో మృతిచెందెను. రంగమహలును తరువాతి యధికారులు కూలద్రోయించిరి. ప్రతిమ మాత్రము మిగిలినది. తన యింటి ముఖమును బొమ్మలో జూచుకొనవలసిన యిల్లాలి స్థితి పరదేశి మేడకే ప్రత్యేకమా? మండువా వెలుగును మెచ్చుకొను మనము వంటయింటి చీకటిని మఱవరాదు.

1949లో ఆ సౌధమునకు స్త్రీల కళాశాల వచ్చెను. 2022లో నది విశ్వవిద్యాలయమయ్యెను. తరువాత దానికి, విసునూరు దేశముఖు నెదిరించి తన పంటను నిలుపుకొన్న చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. సింహముల నడుమ నేడు బాలికలు పుస్తకములతో నెక్కుచున్నారు. శిల్పి యూహింపని యీ యుపయోగముచేతనే మెట్లవరుసకు సార్థకత కలిగినది.

జీర్ణోద్ధరణము జరిగి స్తంభములు మరల దెల్లబడినవి, సంతోషమే. కాని చూడవచ్చువారికి రంగమహలున్న చోటును గూడ చూపవలెను. అది లేక మొగసాల చెప్పు కథ సగమే.