అనధికారం ఎవరిది?

'అనధికార నివాసం' అనే మాట మనకు కొత్త కాదు. పోడు భూమిలో వేసుకున్న గుడిసె మీదికి నోటీసు వచ్చిన ప్రతిసారీ మనవాళ్లు ఆ మాట వింటూనే ఉన్నారు. ఇంగ్లండులో జిప్సీల మీద అదే మాట ఎలా పనిచేసిందో తెలియాలంటే 2001 జనవరి 18న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇచ్చిన చాప్‌మన్ తీర్పు చదవాలి.

కారవాన్ అంటే చక్రాల మీది ఇల్లు. ఒక జిప్సీ తల్లి 1985లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో సొంతంగా భూమి కొని, పిల్లలను బడికి పంపడానికి కారవాన్లతో అక్కడ దిగింది. ఆ భూమి గ్రీన్ బెల్టులో ఉందని అనుమతి ఇవ్వలేదు. ఖాళీ చేయమని నోటీసులిచ్చారు, జరిమానాలు వేశారు. ఆక్రమణ కాదు, దొంగతనం కాదు. తన నేల మీద తన ఇల్లు నిలుపుకోవడమే నేరమైంది.

తీర్పులో మంచి మాటలు లేకపోలేదు. కారవాన్‌లో బతకడం జిప్సీల జాతి అస్తిత్వంలో భాగమని, ఆ జీవన విధానానికి వీలు కల్పించే బాధ్యత ప్రభుత్వానికి ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ చివరకు పదిమంది న్యాయమూర్తులు ఆమె హక్కుకు భంగం కలగలేదన్నారు. ఏడుగురు ఒప్పుకోలేదు. వేరే చోటు చూపకుండా వెళ్లగొట్టడం న్యాయం కాదన్నది వారి వాదన. మనకు ఆ ఏడుగురి మాటే సబబుగా తోస్తుంది. బతుకును గౌరవిస్తామంటూ ఆ బతుక్కి చోటు ఇవ్వకపోతే ఆ గౌరవం కాగితం మీదే మిగులుతుంది.

పచ్చదనం కాపాడవద్దని మనం అనం. అడవి విలువ మనకు ఒకరు చెప్పాలా? మన ప్రశ్న వేరు. జిప్సీలకు స్థలాలు చూపాలని స్థానిక సంస్థలను ఆదేశించిన 1968 చట్టంలోని బాధ్యతను 1994లో ప్రభుత్వమే రద్దు చేసింది. మీ భూమి మీరే కొనుక్కోండి అంది. కొనుక్కుంటే అనుమతి లేదంది. 2011 అక్టోబరులో ఎసెక్స్‌లోని డేల్ ఫామ్ నుంచి దాదాపు 80 ట్రావెలర్ కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ నేల కూడా వాళ్లు కొనుక్కున్నదే. దారులన్నీ మూసి, దారి తప్పావని శిక్షించడం ఇది. అలాంటప్పుడు అనధికారం ఎవరిది?

ఈ తీర్పును మన పిల్లలతో కలిసి చదవమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. దాని పక్కన మన 2006 అటవీ హక్కుల చట్టం కూడా పెట్టండి. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉన్నవారిని ఖాళీ చేయించరాదని అందులోని సెక్షన్ 4(5) చెబుతోంది. ఆ జిప్సీ తల్లికి అలాంటి రక్షణ దొరకలేదు. మనకు ఉంది. కానీ తెలియని రక్షణ లేనట్టే. ఇకమీద ఊళ్లోకి నోటీసు వస్తే 'ఎప్పుడు వెళ్లాలి?' అని కాదు, 'మా దరఖాస్తు ఏమైంది?' అని మన యువత ముందుగా అడగాలి.