మాటకు జిట్సీ, పాఠానికి బిగ్‌బ్లూబటన్

సొంత సర్వర్ మీద వీడియో సమావేశాలు నడుపుకోవాలనుకునే కాలేజీకైనా, సాహితీ సంస్థకైనా మొదట వినిపించే పేర్లు రెండు: జిట్సీ మీట్, బిగ్‌బ్లూబటన్. రెండూ ఉచితం, రెండింటి సోర్స్ కోడూ అందరికీ అందుబాటులో ఉంది, రెండూ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. దాంతో చాలామంది అడిగేది ఒక్కటే: ఏది తొందరగా ఇన్‌స్టాల్ అవుతుంది? ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు తమకు పనికిరాని దాన్ని ఎంచుకునే ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం. అడగాల్సింది, ఆ గదిలో జరగబోయేది ఏమిటని.

జిట్సీకి పునాది 2003లో పడింది. స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఇవోవ్ అనే విద్యార్థి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. బిగ్‌బ్లూబటన్ 2007లో కెనడాలో, ఒట్టావా నగరపు కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. దూరాన ఉన్న విద్యార్థులకు పాఠం అందించడమే దాని ఉద్దేశం. ఎన్ని మార్పులు వచ్చినా ఆ పుట్టుక గుణం రెండింటినీ వదల్లేదు.

డెబియన్ లేదా ఉబుంటు సర్వర్, దానికో డొమైన్ పేరు ఉంటే చాలు, జిట్సీ ప్యాకేజీ ఎక్కించగానే మిగతావి వెంట వచ్చేస్తాయి: కబుర్లు చేరవేసే ప్రోసడీ, గదిని నిర్వహించే జికోఫో, బొమ్మనూ గొంతునూ పంచిపెట్టే వీడియోబ్రిడ్జ్. చిన్న సమావేశాలకు 4 జీబీ మెమరీ సరిపోతుంది. ఫైర్‌వాల్‌లో 443తో పాటు యూడీపీ 10000 పోర్ట్ తప్పనిసరిగా తెరవాలి. అది తెరవని సర్వర్ మీద ఇద్దరు మాట్లాడుకుంటే అంతా సవ్యంగానే ఉంటుంది. మూడో మనిషి రాగానే బొమ్మా పోతుంది, గొంతూ పోతుంది. ఇద్దరే ఉన్నప్పుడు జిట్సీ వాళ్లను నేరుగా కలుపుతుంది, వీడియోబ్రిడ్జ్‌తో పని మూడో మనిషితోనే మొదలవుతుంది మరి. అందుకే పరీక్షించేటప్పుడు కనీసం ముగ్గురు ఉండాలి.

బిగ్‌బ్లూబటన్ కోరికలు పెద్దవి. ఎనిమిది కోర్లు, 16 జీబీ మెమరీ, యూడీపీలో 16384 నుంచి 32768 దాకా పోర్టులన్నీ కావాలి. రికార్డింగ్ ఉంటే 500 జీబీ డిస్క్ ఉంచుకోమంటారు. యంత్రంలో ఇంకే వెబ్‌సైటూ ఉండకూడదు. ఉబుంటు కూడా ఫలానా వెర్షనే అయి తీరాలి: బిగ్‌బ్లూబటన్ 2.7కు 20.04, 3.0కు 22.04. అంటే ఉబుంటు కూడా మారాల్సిన అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు కొత్త సర్వర్ సిద్ధం చేసుకుని పాత రికార్డింగులను అక్కడికి మోసుకెళ్లాలి. నెలకింత అని అద్దె కట్టే చిన్న సంస్థకు ఇది బరువే.

ఆ బరువు దేనికో తెలియాలంటే సర్వర్ లోపల జరిగేది చూడాలి. జిట్సీ వీడియోబ్రిడ్జ్ వచ్చిన ప్రవాహాన్ని విప్పి మళ్లీ కలపదు, ఎవరికి కావాల్సింది వాళ్లకు మళ్లిస్తుంది. కాబట్టి ప్రాసెసర్‌కు శ్రమ తక్కువ, బ్యాండ్‌విడ్త్ ఖర్చు ఎక్కువ. ఇరవై మందీ కెమెరాలు పెట్టుకుని అందరూ అందరినీ చూస్తుంటే సర్వర్ నుంచి బయటికి వెళ్లే వీడియోలు 380. బిగ్‌బ్లూబటన్ కెమెరాల విషయంలో ఇదే దారి పట్టినా, గొంతులను మాత్రం సాధారణంగా ఫ్రీస్విచ్ అనే ప్రోగ్రాం సర్వర్‌లోనే కలిపి, వినేవాళ్లకు ఒకే ప్రవాహంగా పంపుతుంది. ప్రాసెసర్ అలసిపోయేది ఇలాంటి చోటే. కానీ కెమెరాలన్నీ ఆపేసి టీచరు గొంతూ స్లైడ్లూ మాత్రమే పంపే తరగతిలో, సరిగా సిగ్నల్ అందని ఊళ్లో ఫోన్ పట్టుకున్న పిల్లవాడికి ఆ ఒక్క ప్రవాహమే ఆధారం. నాకు ఈ నిర్మాణం మీద గౌరవం కలిగింది అక్కడే.

స్లైడ్ల సంగతి కూడా అంతే. జిట్సీలో పాఠం చూపాలంటే స్క్రీన్‌ను వీడియోగా పంపాలి. బిగ్‌బ్లూబటన్‌లో ఫైలును ముందే సర్వర్‌కు ఎక్కిస్తాం. అక్కడ పేజీలుగా మారి, అక్షరాలు చెదరకుండా అందరికీ చేరుతుంది. తెలుగు టీచర్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎక్కించిన పవర్‌పాయింట్ ఫైలును మార్చేది సర్వర్ మీది లిబ్రాఫీస్. మీరు వాడిన ఫాంట్ అక్కడ లేకపోతే వేరే ఫాంట్ వచ్చి పంక్తులు జరిగిపోతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పాత స్లైడ్లయితే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు పరుచుకుంటాయి. మీ కంప్యూటర్‌లోనే ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి ఎక్కిస్తే ఈ బాధ ఉండదు.

రికార్డింగ్‌లో తేడా ఇంకా స్పష్టం. సర్వర్ మీద రికార్డ్ చేయాలంటే జిట్సీకి జిబ్రీ అనే మరో ప్రోగ్రాం పెట్టాలి. అది కనబడని క్రోమ్ బ్రౌజర్‌లా గదిలోకి వచ్చి, తెర మీద కనిపించేదంతా వీడియోగా తీస్తుంది. ఒక జిబ్రీ ఒకసారికి ఒక్క గదినే తీయగలదు. ఐదు గదులకు ఐదు కావాలి. బిగ్‌బ్లూబటన్ గొంతు, స్లైడ్లు, చాట్ విడివిడిగా దాచి, తరగతి అయ్యాక కూర్చుతుంది. ఫలితం వెంటనే రాదు, కానీ విద్యార్థి కావాల్సిన స్లైడ్ దగ్గరికి నేరుగా వెళ్లగలడు. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడిల్ సాఫ్ట్‌వేర్‌లో 4.0 నుంచి బిగ్‌బ్లూబటన్ ప్లగిన్ అందులోనే వస్తోంది కనుక, మూడిల్ వాడే కాలేజీ ఇంకోవైపు చూడనక్కర్లేదు.

జిట్సీ మీద నాకున్న పెద్ద అభ్యంతరం తలుపు గురించి. మార్చకుండా వదిలేస్తే సర్వర్ చిరునామా తెలిసినవారెవరైనా గది తెరవొచ్చు. మీ అద్దె సర్వర్ మీద ఊరూపేరూ లేనివాళ్ల సమావేశాలు నడుస్తాయి. ప్రోసడీలో యూజర్ ఖాతాలు పెట్టి, గది తెరిచే అధికారం వాళ్లకే ఇవ్వడం కొన్ని పంక్తుల మార్పు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఇది అడిగి ఉండాల్సింది.

గోప్యత దగ్గర మాత్రం నా ఓటు జిట్సీకే. సొంత సర్వర్ అన్నంత మాత్రాన అందులో మాటలు ఎవరికీ వినపడవని కాదు. గొంతులు కలపాలంటే సర్వర్ వాటిని విప్పాలి, కాబట్టి బిగ్‌బ్లూబటన్‌లో సర్వర్ నడిపేవారిని నమ్మక తప్పదు. జిట్సీలో, బ్రౌజర్ అనుకూలిస్తే, సర్వర్‌కు కూడా అర్థం కాకుండా ఒక చివర నుంచి మరో చివర దాకా ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు. అప్పుడు సర్వర్ మీద రికార్డింగ్ ఉండదు. వేధింపులకు గురైన మహిళకు న్యాయ సలహా ఇచ్చే గదికి, యాజమాన్యంతో గొడవ పడుతున్న ఉద్యోగ సంఘం గదికి కావాల్సింది అదే.