సెలవు వేళ: బస్తర్ వాసులు, వీడ్కోలు రచనలు

పరదేశంలో కొంతకాలం నివసించి స్వదేశానికి మరలే మనిషికి చివరి వారాలు ఒక వింత దృష్టిని ప్రసాదిస్తాయి. అంతవరకు ఎండగా, దుమ్ముగా, దోమలుగా తోచిన ఊరు హఠాత్తుగా రమణీయమవుతుంది. ముఖం చిట్లించి తిన్న వంటకమే ప్రీతిపాత్రమవుతుంది. పరిచితులందరు ప్రాణమిత్రులవుతారు. వాయిదా వేసిన విహారాలన్నీ మిగిలిన నాలుగు ఆదివారాలలో ముగించుకోవలెనన్న ఆత్రం పుడుతుంది. భోజనం, స్నేహం, విహారం అనే మూడు స్తంభాలపై నిలిచిన ఈ వీడ్కోలు రచన చదువరికి సహజంగానే ఇంపుగా ఉంటుంది. అయితే విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆ పుటలలో కనిపించే ఊరు అక్కడ ఉండిపోయేవారి ఊరా, లేక వెళ్ళిపోయేవాని మనస్సులోని ఊరా?

ఈ ప్రశ్నకు పరీక్షాస్థలంగా బస్తర్ కన్న తగినది అరుదు. గోదావరికి ఉత్తరాన విస్తరించిన ఆ అరణ్యభూమి తెలుగువారికి దూరమైనది కాదు. అక్కడి రాజవంశం తాము ఓరుగల్లు కాకతీయుల సంతతి అని చెప్పుకొన్నది. కోంటా ప్రాంతపు దోర్లాల మాటలో తెలుగు నేటికీ వినిపిస్తుంది. 1948 వరకు సంస్థానంగా, పిమ్మట మధ్యప్రదేశంలో భాగంగా, 2000 నుండి ఛత్తీస్‌గఢ్‌లో భాగంగా ఉన్న ఆ సీమకు అధికారులు, మతప్రచారకులు, వైద్యులు, ఇంజనీర్లు, పరిశోధకులు గడువు మీద వచ్చి గడువు తీరగానే వెళ్ళినారు. వారిలో బస్తర్‌ను గ్రంథస్థం చేసిన ఇద్దరు ఆంగ్లేయులను ఇక్కడ పోల్చి చూడవచ్చు.

మొదటివాడు డబ్ల్యు. వి. గ్రిగ్సన్. 1927 నుండి 1931 వరకు అతడు బస్తర్ సంస్థాన పరిపాలకుడు. అతని మారియా గోండుల గ్రంథం 1938లో, అనగా అతడు ఆ సీమను వదలిన ఏడేండ్లకు, వెలువడినది. అందులో వీడ్కోలు నిట్టూర్పు వినిపించదు. ఇల్లు ఎట్లు కట్టుదురు, పోడు ఎట్లు నరుకుదురు, పెండ్లి ఎట్లు జరుపుదురు అనే విషయాలు వరుసగా సాగుతాయి. రచయిత సంతోషం వాక్యాల వెనుక అణగి ఉంటుంది. ఇది పరిపాలకుని సంయమం.

రెండవవాడు వెరియర్ ఎల్విన్. ఆక్స్‌ఫర్డులో చదివి 1927లో భారతదేశానికి వచ్చి, క్రైస్తవ సంఘసేవతో ఆరంభించి, 1932లో మండ్లా జిల్లా కరంజియా గ్రామంలో గోండుల మధ్య స్థిరపడినాడు. 1940ల తొలి సంవత్సరాలలో బస్తర్‌లో పరిశోధన చేసినాడు. మురియాల ఘోటుల్ గురించి అతడు వ్రాసిన 700 పుటలకు మించిన గ్రంథం 1947లో వెలువడినది. ఇందులో సంయమం తక్కువ, ప్రేమ ఎక్కువ. ధనం కన్న స్వేచ్ఛ, ఆస్తి కన్న ఆనందం మిన్న అన్న బోధను ఆ యువజన సంస్థలో అతడు చూచినాడు. విడిచివచ్చిన చోటును తలచుకొనేవాని స్వరం ఆ గ్రంథమంతటా వినిపిస్తుంది. వీడ్కోలు రచన బలమూ, బలహీనతా రెండూ అందులో ఉన్నవి.

మొదట భోజనం సంగతి. బస్తర్ నుండి సెలవు తీసుకొనే అతిథికి చెట్టు మీది ఎర్రచీమలను మిరపకాయ, ఉప్పు చేర్చి నూరిన చాప్‌డా పచ్చడి ఒక సాహసం. సుల్ఫీ, అనగా జీలుగు కల్లు, ఒక వేడుక. మండియా పేజ్, అనగా చోడి అంబలి, ఒక చల్లని పానీయం. కాని ఆ అంబలి పొలానికి పోయేవాని సొరకాయ బుర్రలో పగటి భోజనమై ఉంటుంది. వేసవి ఆరంభంలో తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరడానికి ఇంటిల్లిపాది కదులుతారు. అది సారాయే కాదు, ఆహారం, విక్రయ వస్తువు కూడ. అతిథి నాలుకకు రుచిగా తగిలినది ఇంటివాని లెక్కలో ఋతువు. ఈ రెండింటిని ఒకే వాక్యంలో చూపగలిగిన రచన సత్యానికి దగ్గరవుతుంది. రుచిని మాత్రమే చెప్పిన రచన వంటల జాబితా అవుతుంది.

విహారం సంగతీ అంతే. వారాంతపు సెలవు కచేరీల కాలమానం. బస్తర్ పల్లెకు వారం సంతతో మొదలై సంతతో ముగుస్తుంది. చిత్రకోట వద్ద ఇంద్రావతి గుర్రపులాడం ఆకారంలో దూకే దృశ్యం, తీర్థగఢ్ జలధార, కుటుంసర్ గుహ, జగదల్‌పూర్‌లో 75 దినాలు సాగే దసరా, ఇవన్నీ సందర్శకుని పట్టికలో తప్పక చేరుతాయి. సంత కూడ రంగుల దృశ్యంగానే చేరుతుంది. కాని సంతలో పూసలు, కోడిపందేలు మాత్రమే లేవు. సారపప్పు కొలిచి ఇచ్చి ఉప్పు కొలిపించుకొన్న అన్యాయపు బేరం ఆ సంతల చరిత్రలోనిదే. రంగును చూచి తూకాన్ని చూడని విహారి సంతను సగమే చూచినట్లు.

ఇక స్నేహం. ఇక్కడనే వీడ్కోలు రచనకు కఠినమైన పరీక్ష. ఛత్తీస్‌గఢ్ సీమలో స్నేహం ఒక సంస్కారం. మహాప్రసాద్, గంగాజల్, భోజలి మొదలైన పేర్లతో ఇద్దరు మైత్రి కట్టుకొంటారు. నాటి నుండి ఒకరినొకరు సొంత పేరుతో పిలువరు, ఆ బంధం పేరుతోనే పిలుస్తారు. ఒకరి ఇంటి పెండ్లి, చావు మరొకరి ఇంటివి కూడ. ఆ మైత్రికి గడువు లేదు, బదిలీ లేదు. అట్టి చోట చివరి విందులో చేతులు కలిపి అందరినీ మిత్రులని వ్రాయడం ఎంత తేలిక మాటో తెలిసిపోతుంది. అతిథి భావం అబద్ధమని దీని అర్థం కాదు. అతని మాటకు వారి మాటకు బరువులో భేదమున్నదని మాత్రమే.

వీడ్కోలు అంటే ఏమిటో ఆ ప్రజలకు పరదేశి నేర్పవలసిన పని లేదు. ఘోటుల్ స్వయంగా గడువుగల లోకం. అందులో చేరిన చేలిక్‌కు, మోతియారికి కొత్త బిరుదు నామం లభిస్తుంది. రాత్రి పాట, ఆట, కథ ఉంటాయి. పుష్యమాసంలో యువకులు కోలలు చేపట్టి ఊరూరా ఆడుతూ పోతారు. ఆతిథ్యమిచ్చిన ఊళ్ళలో తింటారు. భోజనం, స్నేహం, విహారం మూడూ అక్కడ ఉన్నవి. కాని పెండ్లితో అదంతా ముగుస్తుంది. చాలామందికి ఆ పెండ్లి పెద్దలు నిశ్చయించినది. ఘోటుల్‌లో మనసిచ్చిన తోడు ఒకరు, జీవితాంతం తోడు మరొకరు. పెండ్లికూతురు ఘోటుల్‌ను విడిచే ఘట్టాన్ని ఎల్విన్ చిత్రించిన చోట అతని గ్రంథం ఉత్తమ సాహిత్యమవుతుంది. అక్కడ వెళ్ళిపోయేది రచయిత కాదు. తన ఎడబాటును వారి ఎడబాటులో చూడగలిగినందుననే ఆ పుటలకు ఆర్ద్రత వచ్చినది.

అయినా దోషం లేకపోలేదు. ఆనందాన్ని మరీ ప్రకాశవంతం చేసినందున ఘోటుల్ పేరు విన్న పరాయివారు అక్కడ ఒక వినోదస్థలాన్ని వెదకినారు. కాని అదే ఎల్విన్ 1943లో మారియాల హత్యలను, ఆత్మహత్యలను గురించి మరొక గ్రంథం ప్రకటించినాడు. నూరు హత్యల వివరాలను పరిశీలించిన ఆ పుస్తకంలో మద్యం, అసూయ, చేతబడి అనుమానం, క్షణికక్రోధం కనిపిస్తాయి. ఈ రెండు గ్రంథాలను జతగా చదివినవానికే ఎల్విన్ బస్తర్ పూర్తిగా తెలుస్తుంది. ఒక పుస్తకం విందు, మరొకటి విందు ముగిసిన తరువాతి రాత్రి.

ఇంకొక మౌనం కూడ గమనింపదగినది. 1940లో ఎల్విన్ వివాహమాడిన గోండు యువతి కోసీ బస్తర్ సంవత్సరాలలో అతనికి తోడుగా ఉన్నది. 1949లో ఆ వివాహం విచ్ఛిన్నమైనది. 1964లో, అతడు మరణించిన సంవత్సరమే వెలువడి, మరుసటి ఏడు సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆత్మకథలో ఆమెకు దక్కిన చోటు అత్యల్పం. అడవి భోజనాలు, యాత్రలు, మిత్రులు పుటలకు పుటలు ఆక్రమించిన పుస్తకంలో ఈ సంక్షిప్తత చదువరిని కలత పెడుతుంది. బాధ వలన కావచ్చు ఆ మౌనం. అయినను విడిచిపోయినవాని గొంతు గ్రంథమై నిలువగా, విడువబడినవారి గొంతు అందులో వినబడలేదన్నది మిగిలిన వాస్తవం.

ఎల్విన్ 1954లో భారత పౌరుడై, ఈశాన్య సరిహద్దు సీమలో శేషజీవితం గడిపినాడు. స్వదేశానికి మరలే వీడ్కోలు అతనికి రాలేదు. కాని బస్తర్ అతనికి విడిచిన ఊరే. నేడు ఎర్రచీమల పచ్చడి, జలపాతాలు యాత్రికులను ఆకర్షిస్తున్నవి. ఘోటుళ్ళు అనేక గ్రామాలలో క్షీణించినవి. గడువు మీద వచ్చి వెళ్ళేవారి సంఖ్య తగ్గలేదు, వారి వీడ్కోలు వ్యాసాలూ తగ్గవు. వాటిని నిషేధించవలసిన పని లేదు. చివరి వారాల ప్రేమ నిజమైనదే. అయితే తెలుగువారి వాడుకలో ఋణానుబంధం అనే మాట ఉన్నది. అందులో బంధానికి ముందు ఋణమున్నది. తిన్న అంబలి ఎవరి పొలానిదో, నడిపించిన దారి ఎవరు చూపినదో, పంచుకొన్న రాత్రి ఎవరి నిద్రను హరించినదో చెప్పిన వీడ్కోలు రచన ఆ ఋణాన్ని ఒప్పుకొన్నది. తన సంతోషాన్ని మాత్రమే లెక్కించినది, ఎంత మధురంగా వ్రాసినా, ఋణం తీర్చకనే ఊరు దాటినది.